హామ్ సెట్టులో వినే నాబ్‌లు: పెంచడమా, తగ్గించడమా?

మధ్యరకం హామ్ (అమెచ్యూర్ రేడియో) సెట్టు ఏదైనా తీసుకుని ముందు పలక చూడండి. మాట్లాడ్డానికి అవసరమయ్యేవి పవర్, మైక్ గెయిన్, కంప్రెసర్ లాంటివి మూడో నాలుగో ఉంటాయి. మిగిలిన పలకంతా వినడానికే: ఏఎఫ్ గెయిన్, ఆర్‌ఎఫ్ గెయిన్, ప్రీయాంప్, అటెన్యుయేటర్, ఏజీసీ, నాచ్, నాయిస్ బ్లాంకర్, నాయిస్ రిడక్షన్, పాస్‌బ్యాండ్ ట్యూనింగ్, ఆర్‌ఐటీ, స్క్వెల్చ్. వీటి చుట్టూ హామ్‌ల మధ్య ఓ పాత వాదన నడుస్తూనే ఉంది. మంచి రిసీవర్ అంటే తనంతట తాను సర్దుకునేదా, లేక ప్రతి దశలోనూ పగ్గాలు ఆపరేటర్ చేతికిచ్చేదా? మాన్యువల్ ఒకటి చెబుతుంది, పాతకాపులు ఇంకొకటి చెబుతారు, పరీక్షశాల కొలతలు మరొకటి చెబుతాయి. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తేలిందేమిటంటే, షార్ట్‌వేవ్ మీద ఈ నాబ్‌లలో ఎక్కువ భాగం తగ్గించడానికి ఉన్నవి. మనం వాటిని పెంచడానికి వాడుతున్నాం. సగం తంటా అక్కడే పుడుతోంది.

ముందు రొద సంగతి. సెట్టు లోపల పుట్టే రొద వేరు, యాంటెన్నా మోసుకొచ్చే రొద వేరు. పిడుగులు, కరెంటు తీగలు, ఇళ్లలోని ఎలక్ట్రానిక్ సామాను, చివరికి మన పాలపుంత కూడా యాంటెన్నాలోకి రొద పంపుతూనే ఉంటాయి. దీన్ని అంచనా వేయడానికి అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ పి.372 అనే సిఫార్సులో సూత్రాలిచ్చింది. వాటి ప్రకారం నివాస ప్రాంతాల్లో 7 మెగాహెర్ట్జ్ దగ్గర మనుషులు పుట్టించే రొద, వేడి వల్ల సహజంగా ఉండే కనీస రొదకంటే సుమారు 49 డెసిబెళ్లు ఎక్కువ. నేటి సెట్టు ప్రీయాంప్ లేకుండానే తన సొంత రొదను అదే కొలమానంలో 15, 20 డెసిబెళ్ల దగ్గర ఉంచుకుంటుంది. అంటే బయటి నుంచి వచ్చేది సెట్టు సొంత రొదకు వెయ్యి రెట్లు. సిగ్నల్ బలం చూపే ఎస్ మీటర్ మీద ఈ లెక్క ఎస్6 దగ్గర తేలుతుంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అపార్ట్‌మెంట్ డాబా మీద డైపోల్ కట్టుకున్నవాళ్లకు ఖాళీ బ్యాండ్ మీద కూడా ముల్లు అక్కడ ఆడుతూ ఉంటే సెట్టును అనుమానించక్కర్లేదు.

ఈ లెక్క ఒక్కటి బుర్రకెక్కితే ప్రీయాంప్ మీద మోజు తగ్గుతుంది. 7 మెగాహెర్ట్జ్ మీద ప్రీయాంప్ వేస్తే రొద, సిగ్నల్ రెండూ ఒకే మోతాదులో పెరుగుతాయి. ముల్లు పైకి లేస్తుంది, స్పీకరు హోరెత్తుతుంది, అవతలివాళ్ల మాట మాత్రం ముందెంత తెలిసిందో ఇప్పుడూ అంతే. ప్రీయాంప్ అవసరమో కాదో తేల్చుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. బ్యాండ్ మీద ఎవరూ లేని చోట ట్యూన్ చేసి, యాంటెన్నా కేబుల్ ఊడదీయండి. హోరు చటుక్కున పడిపోతే సెట్టుకు చెవులు చాలినన్ని ఉన్నట్టే. తేడా తెలియకపోతేనే ప్రీయాంప్‌తో పని. పగటిపూట 28 మెగాహెర్ట్జ్ మీద, ఊరికి దూరంగా ఉన్న తోటలోనో కొండమీదో కూర్చుంటే ఆ అవసరం నిజంగానే రావచ్చు. 50 మెగాహెర్ట్జ్ మీద తప్పకుండా వస్తుంది. 3.5, 7 మెగాహెర్ట్జ్‌ల మీద మామూలు యాంటెన్నాతో ఆ మీట జోలికి వెళ్లకపోవడమే మేలు.

అటెన్యుయేటర్ విషయంలో దీనికి తిరగబడిన పిసినారితనం కనబడుతుంది. కష్టపడి యాంటెన్నా కట్టి పట్టుకొచ్చిన సిగ్నల్‌ని చేజేతులా తగ్గించడమేమిటని చాలామందికి మనసొప్పదు. 12 డెసిబెళ్ల అటెన్యుయేటర్ వేస్తే ఎస్6 రొద ఎస్4కి దిగుతుంది, ఎస్9 సిగ్నల్ ఎస్7కి దిగుతుంది. వాటి మధ్య ఎడం చెక్కుచెదరదు. పోయిందేమీ లేదు. దక్కేదేమిటో తెలియాలంటే 40 మీటర్ల (7 మెగాహెర్ట్జ్) బ్యాండ్ చరిత్ర కొంచెం చూడాలి. ఆసియాలో 7.1 నుంచి 7.2 మెగాహెర్ట్జ్ దాకా చాలాకాలం బ్రాడ్‌కాస్ట్ స్టేషన్ల చేతిలో ఉండేది. 2003 ప్రపంచ రేడియో మహాసభ నిర్ణయం వల్ల 2009 మార్చి 29న అవి ఆ భాగం ఖాళీ చేశాయి. ఖాళీ చేసి ఎంతో దూరం పోలేదు. 7.2 దాటితే ఇప్పటికీ వాటి రాజ్యమే. ఒక్కోటీ వంద కిలోవాట్లు, కొన్ని అయిదు వందల కిలోవాట్లు. పొద్దుగూకితే వాటి బలం మన సెట్టు ముందు దశల్లోకి విరుచుకుపడుతుంది.

అంత బలాన్ని మిక్సర్ భరించలేనప్పుడు సెట్టు లోపలే కొత్త సిగ్నళ్లు పుడతాయి. 7.250 మీద ఒక స్టేషన్, 7.350 మీద మరొకటి ఉన్నాయనుకోండి. మొదటిదాన్ని రెట్టించి రెండోదాన్ని తీసేస్తే 7.150 వస్తుంది. సరిగ్గా హామ్ బ్యాండ్ మధ్యలో! అక్కడ వినబడే గుజగుజ ఆకాశంలో ఎక్కడా లేదు, మన డబ్బాలోనే ఉంది. దీన్ని థర్డ్ ఆర్డర్ ఇంటర్‌మాడ్యులేషన్ అంటారు. దీని స్వభావం ఏమిటంటే, వచ్చే సిగ్నళ్లను ఒక డెసిబెల్ తగ్గిస్తే ఇది మూడు డెసిబెళ్లు తగ్గుతుంది. 12 డెసిబెళ్ల మీట నొక్కితే అసలు సిగ్నళ్లు 12 దిగుతాయి, ఈ దొంగ సిగ్నల్ 36 దిగుతుంది, అంటే దాదాపు మాయమైపోతుంది. అందుచేత అటెన్యుయేటర్ ఒక మందే కాదు, రోగనిర్ధారణ పరికరం కూడా. మీట నొక్కినప్పుడు ఒక కూత తక్కినవాటికంటే బాగా ఎక్కువ పడిపోయిందంటే అది బయటి నుంచి వచ్చింది కాదు. కొత్తవాళ్లకు నేర్పాల్సినవాటిలో నేనైతే దీన్ని ముందు వరుసలో పెడతాను. మన లైసెన్సు పరీక్షకు చదివేవాళ్లు సూపర్‌హెటరోడైన్ బొమ్మ గీయడం నేర్చుకుంటారు, ఈ మీట నొక్కడం నేర్చుకోరు.

ఎస్ మీటర్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. షార్ట్‌వేవ్ మీద ఎస్9 అంటే యాంటెన్నా సాకెట్ దగ్గర 50 మైక్రోవోల్టులు, ఒక్కో ఎస్ యూనిట్‌కు 6 డెసిబెళ్లు. ఇది ఒప్పుకున్న ప్రమాణం. చాలా సెట్లలో ఎస్9 దగ్గర ముల్లు కాస్త నిజమే చెబుతుంది. కిందికి దిగేకొద్దీ ఒక్కో యూనిట్ మూడు నాలుగు డెసిబెళ్లకు కుంచించుకుపోతుంది. “మీరు ఫైవ్ నైన్, కాల్‌సైన్ మళ్లీ చెప్పండి” అనే మాట బ్యాండ్ మీద వినని రోజు ఉండదు కాబట్టి మీటరును మరీ నెత్తిన పెట్టుకోనక్కర్లేదు.

వాదన ఎక్కువగా నడిచేది ఆర్‌ఎఫ్ గెయిన్, ఏజీసీల మీద. అది అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1920లలో హామ్‌ల దగ్గరున్నవి ఎక్కువగా రీజనరేటివ్ రిసీవర్లు. ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ తన విద్యార్థి దశలోనే కనిపెట్టిన సర్క్యూట్ అది. అందులో రీజనరేషన్ నాబ్ ఒక్కటే అన్నిటికీ మూలం. అది తిప్పితే గెయిన్ పెరిగేది, సెలెక్టివిటీ పెరిగేది, ఇంకాస్త తిప్పితే సెట్టే ఆసిలేట్ అయి మోర్స్ చుక్కా గీతలకు కూత ఇచ్చేది. అంచు మీద నిలబెట్టగలిగిన చేతికే దూరపు స్టేషన్ దక్కేది. అదే ఆర్మ్‌స్ట్రాంగ్ 1918లో ప్యారిస్‌లో సైన్యంలో పనిచేస్తూ సూపర్‌హెటరోడైన్‌కు రూపమిచ్చాడు. ఏ ఫ్రీక్వెన్సీ వచ్చినా దాన్ని ఒకే మధ్యమ ఫ్రీక్వెన్సీకి మార్చి అక్కడ పెంచడం, అక్కడే వడకట్టడం. ఒక్క నాబ్ చేసిన పనిని ఈ పద్ధతి పది నాబ్‌లకు పంచిపెట్టింది. ఈనాడు మన ముందు పలక మీద ఉన్నవన్నీ ఆ పంపకాల వాటాలే.

బలమైన సిగ్నల్ వచ్చినప్పుడు గెయిన్ తగ్గించి, బలహీనమైనది వచ్చినప్పుడు పెంచే ఆటోమేటిక్ గెయిన్ కంట్రోల్, అంటే ఏజీసీ, పాటలు వినే రేడియోల కోసం పుట్టింది. పాత రిసీవర్లలో మోర్స్ గానీ, మాటల కోసం తరువాత వచ్చిన ఎస్ఎస్‌బీ గానీ వినేటప్పుడు అది పనికొచ్చేది కాదు. కారణం, వాటిలో మోర్స్‌కు కూతనిచ్చే బీఎఫ్‌ఓ అనే ఆసిలేటర్ బలహీనంగా ఉండేది. వచ్చే సిగ్నల్ దాన్ని ముంచేస్తే మాట వంకరపోయేది. అందుకని ఏజీసీ ఆపేసి, ఏఎఫ్ గెయిన్ పూర్తిగా పెట్టి, ఆర్‌ఎఫ్ గెయిన్ బాగా తగ్గించి, దాన్నే వాల్యూమ్ నాబ్‌లా వాడేవారు. ప్రాడక్ట్ డిటెక్టర్లు, ఎస్ఎస్‌బీకి తగిన ఏజీసీ వచ్చాక ఆ అగత్యం తీరిపోయింది. చేతివాటం మాత్రం తరతరాలకూ అందింది. ఈనాటికీ పాతకాపులు సెట్టు ముందు కూర్చోగానే ఆర్‌ఎఫ్ గెయిన్ వెనక్కి తిప్పేస్తారు. కుర్రవాళ్లు అది చాదస్తమంటారు.

చాదస్తమని కొట్టిపారేయడానికి లేదు. చాలా సెట్లలో ఆర్‌ఎఫ్ గెయిన్ నాబ్ చేసేది ఏజీసీ తీగ మీద ఒక నిలకడ వోల్టేజిని పెట్టడం. అందుకే నాబ్ తగ్గిస్తుంటే ఎస్ మీటర్ ముల్లు పైకి లేస్తుంది. కొత్తవాళ్లు చూసి సెట్టు పాడైందనుకుంటారు. ఆ ముల్లు ఎక్కడ నిలబడితే అంతకంటే బలహీనమైన సిగ్నళ్లకు గెయిన్ అక్కడితో ఆగిపోతుంది. అంతకంటే బలమైనవాటికి ఏజీసీ ఎప్పటిలాగే పనిచేస్తుంది. బ్యాండ్ రొద ఎస్6 ఉన్నప్పుడు, ముల్లు ఎస్6 మీదకో కొంచెం పైకో లేచేదాకా నాబ్ వెనక్కి తిప్పి చూడండి. ఎస్9తో మాట్లాడుతున్నవాళ్ల గొంతు అలాగే ఉంటుంది. వాళ్లు ఊపిరి పీల్చుకునే విరామంలో ఎగదన్నుకొచ్చే హోరు మాత్రం అణిగిపోతుంది. నాబ్ పూర్తిగా కుడివైపున వదిలేసినవాళ్లకు ఏజీసీ ప్రతి విరామంలోనూ గెయిన్ పైకెత్తి, రొదను గొంతుతో సమానంగా వినిపిస్తుంది. అరగంట తరువాత తలనొప్పి వచ్చేది దానివల్లే. పొద్దున పూట 40 మీటర్ల మీద గంటల తరబడి నెట్‌లు, అంటే బృంద సంభాషణలు, నడిపేవాళ్లకు ఈ ఒక్క సర్దుబాటు వేలు పోసి కొన్న స్పీకరుకంటే ఎక్కువ సుఖమిస్తుంది.

మరి ఏజీసీ పూర్తిగా ఆపేయడం? మోర్స్ మీద బలహీనమైన స్టేషన్‌ను వెతికేవాళ్లలో ఒక వర్గం అదే సరైన పద్ధతంటారు. ఏజీసీ ఉంటే బలమైనదీ బలహీనమైనదీ దాదాపు ఒకే గట్టితనంతో వినబడతాయి. చెవికి సహజంగా ఉన్న తూకం పోతుంది. అది తీసేస్తే దూరం, దగ్గర తెలుస్తాయి, గుంపులో కూడా ఒకరిని పట్టుకోవచ్చని వాళ్ల వాదన. నిజమే. కానీ హెడ్‌ఫోన్ పెట్టుకుని ఉన్నప్పుడు పక్కవీధి హామ్ హఠాత్తుగా ట్రాన్స్‌మిట్ చేస్తే చెవులు గింగురుమంటాయి. వేళ్లు ఎప్పుడూ నాబ్ మీదే ఉండాలి. అంతసేపు అలా ఉండగలిగేవాళ్లు చాలా తక్కువ. ఏజీసీ వేగం ఎంచుకోవడం మాత్రం అందరికీ అందే పని. సంభాషణకు స్లో, మోర్స్‌కు ఫాస్ట్ అన్నది సాధారణ నియమం. పిడుగుల చటచటలు ఎక్కువున్న ఏప్రిల్, మే సాయంత్రాల్లో మాట వింటున్నా ఫాస్ట్ పెట్టుకోవడమే మంచిది. స్లోలో ఉంటే ఒక్కో చటకూ గెయిన్ పడిపోయి, రెండు సెకన్ల దాకా లేవదు. ఆ రెండు సెకన్లలోనే అవతలివాళ్ల కాల్‌సైన్ వెళ్లిపోతుంది.

ఈ వాదనకు హైదరాబాద్‌లోనే ఒక సజీవ ఉదాహరణ ఉంది. అశ్హర్ ఫర్హాన్, కాల్‌సైన్ వీయూ2ఈఎస్ఈ, 2003లో బిట్‌ఎక్స్ అనే ఎస్ఎస్‌బీ సెట్టు డిజైన్‌ను అందరికీ ఉచితంగా ఇచ్చాడు. మామూలు ట్రాన్సిస్టర్లు, మామూలు క్రిస్టళ్లు. టొరాయిడ్ కోర్లు దొరక్కపోతే కొళాయి వాషర్ల మీద కాయిల్ చుట్టుకోమన్నాడు. ఆ డిజైన్ దేశదేశాల హామ్‌ల బల్లల మీదికి చేరింది. తరువాత బిట్‌ఎక్స్40, మైక్రోబిట్‌ఎక్స్ బోర్డులుగా వచ్చాయి. వాటికి టొరాయిడ్లు చుట్టింది ఒక మహిళల బృందం. మన వాదనకు సంబంధించిన విషయం ఏమిటంటే, ఈ సెట్లలో ఏజీసీ లేదు. ఆర్‌ఎఫ్ గెయిన్ లేదు, ప్రీయాంప్ మీట లేదు, బ్లాంకర్ లేదు. వినడానికి వాల్యూమ్, ట్యూనింగ్, అంతే. అయినా వాడినవాళ్లు దాని రిసీవర్ శుభ్రంగా పలుకుతుందనే చెబుతారు. గెయిన్ అతిగా లేకపోవడం, ముందు దశలో బలమైన సిగ్నళ్లను భరించే డయోడ్ మిక్సర్ ఉండడం అందుకు కారణాలు. బలమైన లోకల్ స్టేషన్ వస్తే చెవి అదరడం దాని మరో ముఖం. చాలామంది చిన్న ఏజీసీ బోర్డు చేసి అతికించుకున్నారు. ఫర్హాన్ తరువాత చేసిన ఎస్‌బిట్‌ఎక్స్‌లో ఏజీసీని సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. నాబ్‌లు లేకుండా ఎంతదూరం పోవచ్చో, ఏ మైలురాయి దగ్గర అవి కావలసివస్తాయో బిట్‌ఎక్స్ కథ ఏ పాఠ్యపుస్తకంకంటేనైనా బాగా చూపిస్తుంది.

ఇక వడపోత. ఒక ఎస్ఎస్‌బీ గొంతుకు 2.4 కిలోహెర్ట్జ్ వెడల్పు చాలు. మోర్స్‌కు 500 హెర్ట్జ్ ఎక్కువే. అంత సన్నగా వినడం హామ్‌లకు సాధ్యమైంది 1932 నుంచి. ఆ ఏడాది క్యూఎస్‌టీ పత్రికలో జేమ్స్ లాంబ్ క్రిస్టల్ ఫిల్టర్‌తో సింగిల్ సిగ్నల్ సూపర్‌హెట్‌ను వివరించాడు. అంతకుముందు ప్రతి మోర్స్ స్టేషనూ డయల్ మీద రెండు చోట్ల, జీరో బీట్‌కు అటొకసారి ఇటొకసారి, వినబడేది. లాంబ్ ఫిల్టర్ అందులో ఒకదాన్ని చంపేసింది. బ్యాండ్ ఒక్కసారిగా రెట్టింపు వెడల్పైనట్టు అయింది. 1955లో వచ్చిన కాలిన్స్ 75ఏ-4 రిసీవర్ పాస్‌బ్యాండ్ ట్యూనింగ్‌ను హామ్‌ల బల్ల మీదికి తెచ్చింది. వింటున్న గొంతు స్థాయి మారకుండా, వడపోత కిటికీని మాత్రం అటూ ఇటూ జరిపే ఏర్పాటది. నేటి సెట్లలో ట్విన్ పాస్‌బ్యాండ్ ట్యూనింగ్ అన్నా, షిఫ్ట్, విడ్త్ అన్నా దాని వారసులే.

నాకు తెలిసినంతలో ముందు పలక మీద అన్నిటికంటే తక్కువగా వాడబడుతూ, అన్నిటికంటే ఎక్కువ ఫలమిచ్చే నాబ్ ఇదే. పక్క స్టేషన్ ఒకే వైపు నుంచి ఒరుసుకుంటూ ఉంటుంది కదా, కిటికీని రెండు వైపులా మూయడమెందుకు? ఆ వైపు రెక్క మాత్రం లోపలికి జరిపితే సరి. 2.4ను 1.8కి తగ్గిస్తే రొద తగ్గేది డెసిబెల్‌కు కాస్త ఎక్కువ, అంతే. ఆ కొంచెం కోసం మాటలోని హల్లుల మొన విరగ్గొట్టుకోవడం నష్టం బేరం. ‘ఎస్’కీ ‘ఎఫ్’కీ తేడా తెలిపే అంచులు గొంతు పైభాగంలోనే ఉంటాయి. సియెరా, ఫాక్స్‌ట్రాట్ అని విడమర్చి చెప్పాల్సి రావడానికి అదే కారణం. కనుక పక్కవాడి బాధ ఉంటేనే సన్నం చేయాలి. లేనప్పుడు వెడల్పుగా వదిలేయాలి. మోర్స్ లెక్క వేరు. 2.4 కిలోహెర్ట్జ్ నుంచి 500 హెర్ట్జ్‌కు దిగితే రొద దాదాపు 7 డెసిబెళ్లు తగ్గుతుంది. అది పవర్ అయిదింతలు చేసినంత లాభం, అదీ మనవైపు నుంచి. కానీ 100 హెర్ట్జ్‌కు దిగితే ఫిల్టర్ గంటలా మోగుతుంది, చుక్కలు ఒకదానిలోకి ఒకటి కలిసిపోతాయి.

రిసీవర్ల తులనాత్మక కొలతలకు పేరుపడిన రాబ్ షెర్‌వుడ్, 1970లలో ఒక ప్రసిద్ధ సెట్టు దూరపు సిగ్నళ్లను బాగా తట్టుకుంటూనే పక్కనే ఉన్న సిగ్నల్‌కు చతికిలపడటం గమనించి, కేవలం 2 కిలోహెర్ట్జ్ దూరంలో బలమైన స్టేషన్ ఉంటే ఎలా ఉంటుందో కొలవడం మొదలుపెట్టాడు. ఆయన పట్టికను చూసి సెట్లు కొనేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. ఆయన ఉపన్యాసాల్లో పదేపదే చెప్పేది మాత్రం కొనుగోలు సంగతి కాదు. కింది బ్యాండ్లలో ప్రీయాంప్ ఆపండి, అటెన్యుయేటర్ వాడండి, ఏజీసీ సరిగ్గా పెట్టుకోండి అనే. పట్టికలో పది స్థానాలు పైన ఉన్న సెట్టు కొని, ప్రీయాంప్ వేసుకుని కూర్చుంటే ఆ పది స్థానాలూ వృథా.

రొదను చంపే మీటల దగ్గర ఎక్కువ గందరగోళం ఉంది, ఎందుకంటే ఒకే పనిలా కనబడే మూడు వేర్వేరు పనులున్నాయి. నాయిస్ బ్లాంకర్ టకటకమనే చిన్న స్పందనల కోసం. లాంబ్ 1936లో దీని పూర్వీకుణ్ణి కూడా ప్రకటించాడు. ఒక్కో టక్కు వచ్చిన క్షణంలో రిసీవర్ నోరు నొక్కేస్తుంది. ఈ పని సన్నటి ఫిల్టర్‌కు ముందే జరగాలి. ఫిల్టర్ దాటాక అదే టక్కు సాగిపోయి గీతవుతుంది, అప్పుడు కోయడానికి వీలుండదు. స్కూటర్ ఇగ్నిషన్, కరెంటు స్తంభం మీద మురికి పట్టిన ఇన్సులేటర్ నిప్పురవ్వలు, వీటికి బాగా పనిచేస్తుంది. మనది 50 హెర్ట్జ్ కరెంటు కాబట్టి తీగల రొద సెకనుకు వంద టక్కులుగా, బొంగురు ఝుంకారంలా వస్తుంది. ఎండాకాలంలో ఎక్కువ, ఒక వాన పడి ఇన్సులేటర్లు కడిగితే తక్కువ. 1976 నుంచి 1989 దాకా షార్ట్‌వేవ్‌ను పీడించిన సోవియట్ రాడార్, హామ్‌లు వడ్రంగిపిట్ట అని పేరు పెట్టినది, సెకనుకు పది దెబ్బలు కొట్టేది. దానికోసమే వెడల్పు టక్కులను పట్టే రెండో బ్లాంకర్‌ను కొన్ని కంపెనీలు సెట్లలో పెట్టాయి.

బ్లాంకర్‌కు ఒక జబ్బుంది. పక్కన బలమైన గొంతు ఉంటే దాని శిఖరాలను కూడా టక్కులనుకుని కోసేస్తుంది. ఫలితంగా ఆ గొంతు బ్యాండంతా చిందినట్టు వినబడుతుంది. “మీ సిగ్నల్ వెడల్పుగా ఉంది, ఆడియో తగ్గించండి” అని ఎదుటివాళ్లకు చెప్పేముందు మన బ్లాంకర్ ఆపి చూసుకోవడం కనీస మర్యాద. ఈ ఫిర్యాదుల్లో ఎన్ని వినేవాళ్ల సెట్టులోనే పుడతాయో లెక్క కడితే చాలా స్నేహాలు నిలబడతాయి.

నాచ్ ఒక్క నిలకడ కూత కోసం. ఎవరో యాంటెన్నా ట్యూన్ చేస్తూ మన ఫ్రీక్వెన్సీ మీద కారియర్ వేసినప్పుడు అది అమృతం. ఆటో నాచ్ సంభాషణ మీద హాయిగా పనిచేస్తుంది. మోర్స్ మీద వేస్తే మనకు కావలసిన కూతనే కూత అనుకుని మింగేస్తుంది. కొన్ని సెట్లలో ఆటో నాచ్ ఏజీసీ తరువాత ఉంటుంది. కూత చెవికి వినబడదు గానీ ఏజీసీని పట్టుకుని కూర్చుంటుంది, వింటున్న గొంతు నీరసిస్తుంది. అలా జరిగితే మాన్యువల్ నాచ్‌కు మారాలి.

నాయిస్ రిడక్షన్ మూడోది, అందరికీ ముద్దొచ్చేది. దీని వెనక ఉన్న ఎల్‌ఎంఎస్ అనే గణితం 1960లో స్టాన్‌ఫర్డ్‌లో విడ్రో, హాఫ్ అనే ఇద్దరు రూపొందించినది. రాబోయే శబ్దాన్ని వెనకటి శబ్దం నుంచి ఊహించగలిగితే అది మాట, ఊహకందకపోతే అది రొద, అన్నది స్థూలంగా దాని తర్కం. హోరు నిజంగానే పోతుంది. మాట నీళ్లలోంచి వచ్చినట్టు అవుతుంది. సిగ్నల్ రొదకంటే బాగా పైనుంటే వింటున్న ప్రాణానికి హాయి. రొదలో సగం మునిగిన గొంతు మీద వేస్తే హోరుతోపాటు హల్లులు కూడా పోతాయి. అందుకే దూరపు స్టేషన్ల కోసం వేటాడేవాళ్లు దాన్ని ఆపి వింటారు, కబుర్లు చెప్పుకునేవాళ్లు వేసి వింటారు. రెండు వర్గాలూ సరైనవే. వాళ్లు ఒకరితో ఒకరు వాదించుకోవడమే అనవసరం.

అసలు ఈ మూడు మీటలూ రోగం ముదిరాక వేసే మందులు. సెట్టును 12 వోల్టుల బ్యాటరీ మీద నడుపుతూ ఇంటి మెయిన్ స్విచ్ ఆపి, ఒక్కో బ్రేకర్‌ను తిరిగి వేస్తూ వింటే దొంగ దొరుకుతాడు. చవక ఎల్‌ఈడీ బల్బు, ఫోన్ చార్జర్, ఇన్వర్టర్, ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్. సిగ్నల్ తగ్గకుండా ఎస్7 రొదను ఎస్4కి దింపడం ఏ నాబ్ వల్లా కాదు, ఒక చార్జర్ మార్చడం వల్ల అవుతుంది.

ఆర్‌ఐటీ గురించి రెండు మాటలు చాలు. ఎదుటివాళ్లు కొంచెం పక్కకు జారితే మన ట్రాన్స్‌మిట్ ఫ్రీక్వెన్సీ కదపకుండా వినేదాన్ని మాత్రమే జరుపుతుంది. ఎస్ఎస్‌బీ మీద యాభై హెర్ట్జ్ తేడా వచ్చినా గొంతు మారినట్టు తెలిసిపోతుంది కాబట్టి నెట్‌లో ఇది అవసరం. పని అయ్యాక సున్నాకు తేవడం మరిచిపోతే తరువాతి స్టేషన్ కోసం పిలిచి పిలిచి అలసిపోతారు. దీని పెద్దన్న స్ప్లిట్. అరుదైన చోటునుంచి మాట్లాడే స్టేషన్ 14.195 మీద పిలిచి, 14.200 పైన వింటుంది. లేకపోతే తనను పిలిచే గుంపు తన మాటనే ముంచేస్తుంది. 2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఆధ్వర్యంలో భారతి ప్రసాద్ బృందం పోర్ట్‌బ్లెయిర్ నుంచి వీయూ4ఆర్‌బీఐ కాల్‌సైన్‌తో పలికినప్పుడు ప్రపంచం నలుమూలల నుంచీ అలాంటి గుంపే కమ్ముకుంది. అండమాన్ అప్పటికి ఎన్నో ఏళ్లుగా దొరకని చోటు. డిసెంబరు 26న సునామీ వచ్చింది. అదే సెట్లు, అదే యాంటెన్నాలు ఆ రోజు నుంచి క్షేమ సమాచారాలు మోశాయి. గుంపులోంచి ఒక్క కాల్‌సైన్ ఏరుకోవడానికి వాడే సన్నటి ఫిల్టర్, వెనక్కి తిప్పిన ఆర్‌ఎఫ్ గెయిన్, ఇవి ఆపద వేళ బలహీనమైన ఒక సందేశాన్ని పట్టుకోవడానికీ కావలసినవే.

వీహెచ్‌ఎఫ్ ఎఫ్ఎం మీద కథ చిన్నది. 144–146 మెగాహెర్ట్జ్‌లలో చేతి సెట్టు పట్టుకుని తిరిగేవాళ్లకు స్క్వెల్చ్ ఒక్కటే ముఖ్యం. హోరు ఆగిపోయే గీత దగ్గర ఆపాలి. అంతకంటే బిగిస్తే బలహీనమైన స్టేషన్లు పిలిచినా తలుపు తెరుచుకోదు. సీటీసీఎస్ఎస్ టోన్ పెట్టుకుంటే మనవాళ్ల తట్టుకు తప్ప తలుపు తీయదు. అయితే టోన్ రొదను తగ్గించదు, మన చెవికి చేరకుండా దాస్తుంది, అంతే. నగరంలో సెల్ టవర్ల నీడలో చవక సెట్టు చెవిటిదైతే స్క్వెల్చ్‌ను నిందించి లాభం లేదు.

2016లో ఐకామ్ 7300 వచ్చాక మధ్యతరగతి బల్ల మీదికి డైరెక్ట్ శాంప్లింగ్ చేరింది. యాంటెన్నా నుంచి వచ్చేదాన్ని దాదాపు నేరుగా అంకెలుగా మార్చి, మిగిలినదంతా లెక్కలతో చేసే పద్ధతి. తెర మీద వాటర్‌ఫాల్ చూసి, గీత కనబడిన చోట వేలు పెట్టి వినే తరం దీనితో పెరుగుతోంది. నాబ్‌ల కాలం పోయిందన్నారు. ఒక్క విషయంలో మాత్రం వాటి అవసరం మరింత పెరిగింది. అంకెలుగా మార్చే చిప్‌కు ఒక పైకప్పు ఉంది. పాత మిక్సర్ మెల్లగా వంకరపోయేది. ఇది పైకప్పు తగలగానే ఒక్కసారిగా తలకిందులవుతుంది. ఆ సెట్టు తెర మీద ఓవీఎఫ్ అనే అక్షరాలు వెలిగితే ఆర్‌ఎఫ్ గెయిన్ తగ్గించమని మాన్యువలే చెబుతుంది. వందేళ్ల నాటి సలహా కొత్త అక్షరాల్లో. వాటర్‌ఫాల్ కళ్లకు ఇంపుగా ఉందని గెయిన్ ఎక్కించుకుంటే ఎర్రటి రొదలో సన్నటి గీతలు మునిగిపోతాయి. బ్యాండ్ రొద చీకటిగా, నల్లటి నేలలా కనబడేదాకా దించితేనే బలహీనమైన గీత పైకి తేలుతుంది.

చెవినే పక్కన పెట్టేసిన చోట ఈ నాబ్‌ల సంగతేమిటన్నది కొత్త ప్రశ్న. 2017లో జో టేలర్, స్టీవ్ ఫ్రాంక్ విడుదల చేసిన ఎఫ్‌టీ8లో 50 హెర్ట్జ్ వెడల్పు సిగ్నల్ 15 సెకన్ల వంతుల్లో నడుస్తుంది. వినేది కంప్యూటర్. 7.074 మీద ఒకే 3 కిలోహెర్ట్జ్ కిటికీలో పదుల కొద్దీ స్టేషన్లు ఒకేసారి పలుకుతాయి. ఇక్కడ మనిషి చెవికోసం చేసిన సుఖాలన్నీ అడ్డంకులే. నాయిస్ రిడక్షన్, నాచ్, బ్లాంకర్ ఆపెయ్యాలి. ఫిల్టర్ పూర్తిగా తెరవాలి. ఖాళీ బ్యాండ్ రొదకు సాఫ్ట్‌వేర్ మీటరు 30 డెసిబెళ్ల దగ్గర ఉండేలా ఆడియో స్థాయి పెట్టాలి. ఏజీసీ విషయంలో మాత్రం ఇక్కడ కూడా పాత తగువే. బలమైన స్టేషన్ వంతు మొదలవగానే ఏజీసీ గెయిన్ దించేస్తే మిగిలినవన్నీ దానితోపాటు దిగుతాయి. అయితే రొద కూడా దిగుతుంది కాబట్టి డీకోడర్‌కు పెద్దగా పట్టదని కొందరు, వంతు మధ్యలో స్థాయి ఊగితే కొన్ని డీకోడ్‌లు పోతాయని కొందరు. ఆపేసి ఆర్‌ఎఫ్ గెయిన్ వెనక్కి తిప్పుకోవడం నా మొగ్గు. మరీ బలమైన పొరుగు స్టేషన్ ఒక చివర కూర్చుంటే, అటువైపు రెక్కను పాస్‌బ్యాండ్ ట్యూనింగ్‌తో మూసి మిగిలిన 2 కిలోహెర్ట్జ్‌లతో సరిపెట్టుకోవడం ఏజీసీని ఎటు తిప్పినా దానికంటే మెరుగ్గా పనిచేస్తుంది.